మేడారం దారిలో విశ్వవిద్యాలయం

వరంగల్ నుంచి ఏటూరునాగారం వెళ్లే రహదారి మీద, ములుగుకు కొద్ది దూరం ముందు, జాకారం దగ్గర గట్టమ్మ గుడి ఉంది. మేడారం జాతరకు బయలుదేరిన భక్తులలో చాలామంది అక్కడ బండి ఆపి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు సమర్పించి గాని ముందుకు సాగరు. ఆ పరిసరాల్లోనే మూడు వందలకు పైగా ఎకరాల భూమిని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి కేటాయించారు. కోయల ఇలవేల్పులైన తల్లీకూతుళ్ల పేరు పెట్టుకున్న ఈ సంస్థ 2023 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. కాకతీయ ప్రతాపరుద్రుడికి కప్పం కట్టలేమన్నందుకు అడవి మీదికి సైన్యం వచ్చిందని, ఆ పోరులోనే సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణె రూపంలో కనిపించిందని జాతర సంప్రదాయం చెబుతుంది. ఒకప్పుడు పన్ను అడగడానికి తప్ప అడవి ముఖం చూడని రాజ్యాధికారం, చదువు పంచడానికి అదే అడవి అంచుకు రావడం వెనుక దాదాపు ఏడున్నర దశాబ్దాల రాజ్యాంగ చరిత్ర ఉంది.

ఆ చరిత్రను వరుసగా చూస్తే, తెలుగు నేల మీద కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన పెద్ద విద్యాసంస్థలలో అనేకం ముందుగా ఆలోచించి వేసుకున్న విద్యా ప్రణాళిక వల్ల గాక, ఏదో ఒక ప్రాంతీయ వివాదాన్ని చల్లార్చడానికి కుదిరిన ఒడంబడికలో ఒక షరతుగా పుట్టినట్టు తెలుస్తుంది. వీధుల్లోకి వచ్చి గట్టిగా అడగగలిగిన వారికి ఆ ఫలం ముందుగా అందింది. రాజ్యాంగమే ప్రత్యేక రక్షణ కల్పిస్తానని మాట ఇచ్చిన అడవి బిడ్డల వంతు అందరికన్నా చివర వచ్చింది.

ఢిల్లీకి ఉన్నత విద్యతో సంబంధం ఏమిటన్న ప్రశ్నకు రాజ్యాంగం మొదట ఇచ్చిన సమాధానం పరిమితమైనది. 1919 సంస్కరణలతో బ్రిటిషు ఇండియాలో విద్య రాష్ట్రాల మంత్రుల చేతికి వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మద్రాసు శాసనమండలి చేసిన చట్టంతోనే ఏర్పడింది. 1950 రాజ్యాంగం కూడా విద్యను రాష్ట్ర జాబితాలోనే, అంటే రాష్ట్ర శాసనసభలు మాత్రమే చట్టం చేయగల విషయాల పట్టికలోనే ఉంచింది. కేంద్ర జాబితాలోని 63 నుంచి 66 వరకు ఉన్న పద్దుల కింద మాత్రం బనారస్, అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలను, పార్లమెంటు జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించే సంస్థలను, ఉన్నత విద్యలో ప్రమాణాల సమన్వయాన్ని కేంద్రానికి అప్పగించింది. ప్రమాణాలు నిర్ణయించేది ఒకరు, కళాశాల నడిపేది మరొకరు అన్న ఈ ఏర్పాటు చిన్నదిగా కనిపించినా, తర్వాతి కాలపు అధికార వివాదాలు ఎన్నో ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

సమాఖ్య రాజ్యాంగం గల మరో పెద్ద దేశంలో ఈ చిక్కు ఇంకా పాతది. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో చెందుతాయని 1791 నాటి పదో సవరణ స్పష్టం చేసింది. అధికారం లేని చోట అక్కడి కేంద్ర ప్రభుత్వం తన చేతిలో ఉన్న మరో సాధనాన్ని, అంటే భూమిని, ఉపయోగించింది. వెర్మాంట్ ప్రతినిధి జస్టిన్ మోరిల్ ప్రతిపాదించిన బిల్లును 1859లో అధ్యక్షుడు బుకానన్ తిరస్కరించగా, అంతర్యుద్ధం సాగుతున్న 1862 జులై 2న లింకన్ దానిపై సంతకం చేశారు. కాంగ్రెసులో ఒక రాష్ట్రానికి ఉన్న సభ్యులలో ఒక్కొక్కరికి 30,000 ఎకరాల చొప్పున ఆ రాష్ట్రానికి ప్రభుత్వ భూమి దక్కింది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్మును మూలధనంగా పెట్టి, వ్యవసాయమూ యంత్రవిద్యలూ నేర్పే కళాశాలలు నడపాలన్నది షరతు. రైతు బిడ్డకు, కార్మికుని బిడ్డకు కళాశాల తలుపు తెరిచిన చట్టంగా దానికి మంచి పేరే వచ్చింది. అయితే ఆ భూమి అంతకు ముందు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం చాలాకాలం వెలుగులోకి రాలేదు. దాదాపు 250 ఆదివాసీ తెగల నుంచి ఒప్పందాలతోనో బలప్రయోగంతోనో తీసుకున్న కోటి ఎకరాలకు పైగా నేల ఆ కళాశాలలకు పెట్టుబడి అయిందని 2020లో వెలువడిన ఒక పత్రికా పరిశోధన లెక్క తేల్చింది. 1890లో రెండో మోరిల్ చట్టం నల్లజాతి విద్యార్థుల కళాశాలలకు నిధులు ఇచ్చింది. ఎవరి నేల అమ్మి ఆ కళాశాలలు నిలబెట్టారో ఆ తెగలు నడుపుకునే కళాశాలలకు అదే హోదా దక్కడానికి మాత్రం 1994 దాకా, అంటే 132 సంవత్సరాలు పట్టింది. ఆదివాసీల వంతు చివర రావడం ఒక్క దేశపు అనుభవం కాదు.

ఈ అమెరికా అనుభవం స్వతంత్ర భారతానికి నేరుగానే చేరింది. 1948 నవంబరులో కేంద్రం నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి, అంతకు ముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షులు. అందులో ఇద్దరు అమెరికన్లు సభ్యులుగా ఉన్నారు. ఒకరు 1921 నుంచి 1928 వరకు అమెరికా కేంద్ర విద్యా కమిషనరుగా ఉన్న జాన్ టైగర్ట్. మరొకరు టెన్నెసీ లోయ అభివృద్ధి సంస్థకు తొలి అధ్యక్షుడైన ఆర్థర్ మోర్గాన్. 1949లో వచ్చిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాల గురించి విస్తృతమైన చర్చ ఉంది. పల్లె జీవనాన్ని, వృత్తులను, నేలను ఆధారం చేసుకుని పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా ఒకే గొలుసుగా చదువు సాగాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ విద్యను కేంద్ర, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో చేర్చాలని, నిధులు పంచడానికి ఒక స్వతంత్ర సంఘం ఉండాలని కూడా ఆ నివేదిక కోరింది. రెండో సిఫారసు త్వరగానే అమలైంది: విశ్వవిద్యాలయ నిధుల సంఘాన్ని 1953 డిసెంబరులో మౌలానా ఆజాద్ ప్రారంభించగా, 1956లో దానికి చట్టబద్ధత వచ్చింది. మొదటి సిఫారసు నెరవేరడానికి అత్యవసర పరిస్థితి దాకా ఆగవలసి వచ్చింది. అన్నిటికన్నా లోతైన మూడో ఆలోచన, పల్లె నుంచి పైకి ఎదిగే విశ్వవిద్యాలయం, చాలావరకు కాగితం మీదే మిగిలింది.

ఇదే కాలంలో వరంగల్ ప్రాంతం మరో రాజ్యం నుంచి బయటికి వస్తున్నది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత విద్య అంటే 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే. ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, వైద్యం, న్యాయశాస్త్రం, విజ్ఞానశాస్త్రాల దాకా బోధించడానికి అనువాద విభాగాన్ని పెట్టి పుస్తకాలు తయారు చేయించిన ఆ ప్రయోగం చరిత్రలో గొప్పదే. అయితే ఆ భాష రాజ్యంలోని అధికసంఖ్యాకుల ఇంటి భాష కాదు. 1927లో వరంగల్‌లో మొదలైన కళాశాల కూడా ఆ విశ్వవిద్యాలయపు కొమ్మే. 1938 నాటి వందేమాతర ఉద్యమంలో చేరి సంస్థానంలో చదువుకు దూరమై నాగపూర్ వెళ్లిన విద్యార్థులలో వరంగల్ ప్రాంతానికి చెందిన పి.వి. నరసింహారావు ఒకరు.

సంస్థానపు అడవుల పరిస్థితి వేరు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం పోరాటాన్ని తుపాకులతో అణచిన తర్వాతనే నిజాం ప్రభుత్వానికి గిరిజనుల స్థితిగతులు తెలుసుకోవాలన్న ఆలోచన కలిగింది. ఆ పని మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సూచనతో 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచారు. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. గిరిజనుని భాషలో, గిరిజన ఉపాధ్యాయుని చేత పాఠం చెప్పించాలన్న సూత్రం ఆనాడే ఆచరణలోకి వచ్చిందన్నది గుర్తు పెట్టుకోదగిన విషయం. కాని ఆ చదువు ప్రాథమిక స్థాయిలోనే నిలిచిపోయింది. కళాశాల దాకా గిరిజన విద్యార్థి నడిచి వచ్చే మార్గాన్ని ఆ రాజ్యం ఊహించలేదు.

పోలీసు చర్యతో సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఢిల్లీ కన్ను మొదట పడింది కూడా ఉస్మానియా మీదనే. దాన్ని కేంద్రం స్వాధీనం చేసుకుని హిందీ మాధ్యమపు విశ్వవిద్యాలయంగా మార్చాలన్న ప్రతిపాదన 1950ల తొలినాళ్లలో వచ్చింది. ఉర్దూ పోయి తమ భాష వస్తుందని ఎదురుచూస్తున్న తెలుగువారికి ఇది మింగుడు పడలేదు. విద్యార్థుల నుంచీ రచయితల నుంచీ వ్యతిరేకత రావడంతో ఆలోచన ఆగిపోయింది. కేంద్రం పేరు చెప్పగానే ఈ ప్రాంతంలో ఆశతో పాటు అనుమానం కూడా ఎందుకు కలుగుతుందో ఈ ఘట్టం చెబుతుంది.

అనుమానానికి తావు లేకుండా వచ్చిన సంస్థ ఒకటి వరంగల్‌కు దక్కింది. రెండో పంచవర్ష ప్రణాళికలోని పెద్ద కర్మాగారాలకూ ఆనకట్టలకూ కావలసిన ఇంజనీర్లను తయారుచేయడానికి కేంద్రం ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలల పథకాన్ని రూపొందించగా, వాటిలో మొదటిది వరంగల్‌లో ఏర్పడింది. 1959 అక్టోబరు 10న జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. భవనాలకు, యంత్రాలకు అయ్యే ఖర్చు కేంద్రానిది. ఏటా నడిపే ఖర్చులో కేంద్రం, రాష్ట్రం చెరి సగం. సీట్లలో సగం సొంత రాష్ట్రం వారికి, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి. సమాఖ్య వ్యవస్థ ఎలా పనిచేయాలో ఇంత సరళంగా చూపిన ఏర్పాటు తెలుగు నేల మీద మరొకటి అరుదు. 2002లో అది జాతీయ సాంకేతిక సంస్థగా మారి, పూర్తిగా కేంద్రం చేతికి వెళ్లింది. ఆ కళాశాల దేశానికి ఎందరో నిపుణులను ఇచ్చింది. దానికి వంద కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉన్న తాడ్వాయి అడవి గూడేల వారికి మాత్రం అది చాలాకాలం పేరు విన్న చోటే, ఎందుకంటే ఇంజనీరింగు ప్రవేశానికి ముందు ఉండవలసిన ఉన్నత పాఠశాలలే ఏజెన్సీలో అరుదు.

అమెరికా నమూనా కళ్లకు కనిపించేలా దిగిన చోటు హైదరాబాదు దగ్గరి రాజేంద్రనగర్. మోరిల్ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1863లో, ఆ చట్టపు భూదానంతో నెలకొన్న కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం, అమెరికా ప్రభుత్వ సాంకేతిక సహాయం కింద 1950ల నుంచి ఇక్కడి వ్యవసాయ కళాశాలలకు ఆచార్యులను పంపింది. ఆ సహకారంతో 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తరగతిలో పాఠం, పొలంలో పరిశోధన, రైతు ముంగిట విస్తరణ అన్న మూడింటినీ ఒకే గొడుగు కిందికి తేవడం దాని ప్రత్యేకత. ఆ సంస్థ రాష్ట్రానిదే, చట్టం రాష్ట్రానిదే; అమెరికాలో మోరిల్ చేసినట్టే ఇక్కడ కూడా కేంద్రం పెత్తనం తీసుకోకుండా వెనుక నిలబడింది. ఈ ఉదాహరణను తర్వాతి ప్రభుత్వాలు మరికొంత శ్రద్ధగా చదివి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి అధ్యాయమంతా ఒడంబడికలది. ఉద్యోగాలలోనూ చదువులలోనూ స్థానికులకు రక్షణ లేదంటూ 1969లో తెలంగాణలో, ఆ రక్షణలే తమకు అన్యాయమంటూ 1972లో ఆంధ్ర ప్రాంతంలో ఉద్యమాలు చెలరేగాయి, ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1973 జనవరిలో దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 21న కుదిరిన ఆరు సూత్రాల పథకంలో రెండో సూత్రం విద్యకు సంబంధించినది: కళాశాలల ప్రవేశాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలి, ఉన్న సౌకర్యాలకు తోడుగా హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పాలి. దాన్ని నెరవేర్చడానికి రాజ్యాంగాన్నే సవరించవలసి వచ్చింది, ఎందుకంటే విద్య అప్పటికి రాష్ట్ర జాబితాలో ఉంది. ముప్పై రెండో సవరణ ద్వారా చేరిన 371-ఇ అధికరణం మొత్తం ఒకే వాక్యం: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయ స్థాపనకు పార్లమెంటు చట్టం చేయవచ్చునన్నదే దాని సారాంశం. కేంద్ర జాబితా 63వ పద్దులో బనారస్, అలీగఢ్, ఢిల్లీల సరసన ఈ అధికరణం కింద ఏర్పడే విశ్వవిద్యాలయం అన్న మాటలు కూడా చేరాయి. 1974 అక్టోబరు 2న హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవిర్భవించి, అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో పని మొదలుపెట్టింది. భారత రాజ్యాంగంలో తన కోసమే ఒక అధికరణం ఉన్న విశ్వవిద్యాలయం ఇది. అంతటి గౌరవం వెనుక ఉన్నది రెండు ఉద్యమాల ఒత్తిడి. అక్కడ తర్వాత ఎదిగిన పరిశోధన స్థాయిని ఎవరూ కాదనలేరు. కాని అది ఎక్కడ, ఎవరి అవసరం కోసం రావాలన్న ప్రశ్నను ఆనాడు నిర్ణయించింది విద్యావేత్తలు కాదు.

రెండేళ్లకే చిత్రం మారింది. 1976 నాటి నలభై రెండో సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో చేర్చింది. రాధాకృష్ణన్ సంఘం విశ్వవిద్యాలయాలకు మాత్రమే కోరినది ఇప్పుడు పాఠశాలలతో సహా మొత్తం విద్యకు వర్తించింది. అదే 1976 ఆగస్టులో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం రాష్ట్ర చట్టంతో ఏర్పడి, ములుగు అడవి దాకా ఉన్న డిగ్రీ కళాశాలలకు పెద్ద దిక్కయింది. వందేమాతరం నాటి విద్యార్థి పి.వి. 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి అయి, 1986 జాతీయ విద్యా విధానాన్ని రూపొందించారు. కేంద్ర, రాష్ట్రాల మధ్య భాగస్వామ్యం అన్న భావనకు ఆ పత్రం పెద్ద పీట వేసింది. హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం రావడం, 1958 నాటి కేంద్రీయ ఆంగ్ల సంస్థ 2007 నాటికి పూర్తిస్థాయి కేంద్రీయ విశ్వవిద్యాలయం కావడం ఆ తర్వాతి సంగతులు. ఒక్క నగరంలోనే మూడు కేంద్రీయ విశ్వవిద్యాలయాలు చేరగా, గోదావరి ఒడ్డున ఉన్న ఏజెన్సీలో ఒక్కటీ లేదు.

భవనాల చరిత్రతోనే కేంద్రం పాత్రను కొలిస్తే మేడారం అడవికి ఇన్నాళ్లు దక్కింది సున్నా అని చెప్పవలసి వస్తుంది. అది నిజం కాదు. కేంద్రం సొమ్ము సంస్థ ద్వారా గాక, విద్యార్థి చేతి మీదుగా నడిచిన దారి ఒకటి ఉంది. అమెరికాలో 1944 జూన్‌లో వచ్చిన సైనికుల పునరావాస చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చిన వారి చదువు ఖర్చును భరించడంతో, సుమారు 22 లక్షల మంది కళాశాలల్లో చేరారు. ఏ కళాశాలకు వెళ్లాలో విద్యార్థి నిర్ణయించుకుంటే, సొమ్ము అతని వెంట వెళ్లింది. అదే 1944లో భారత ప్రభుత్వం షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్టుమెట్రిక్ ఉపకారవేతనాలు, అంటే పదో తరగతి దాటిన తర్వాతి చదువుకు ఇచ్చే సాయం, ప్రారంభించింది. స్వాతంత్ర్యం తర్వాత అది షెడ్యూల్డు తెగలకూ విస్తరించింది. దీనికి తోడు రాజ్యాంగంలోని 275వ అధికరణం మొదటి ఖండం కింద గిరిజన సంక్షేమానికి కేంద్రం నుంచి ప్రత్యేక గ్రాంటులు వచ్చాయి. అయిదో ప్రణాళిక నుంచి గిరిజన ఉపప్రణాళిక, దాని అమలుకు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) ఏర్పడ్డాయి. ఈ ప్రాంతపు ఐటీడీఏ ఏటూరునాగారంలో ఉంది. ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహాలు నడిపేది అదే. జాతర ఏర్పాట్లలోనూ దానికి బాధ్యత ఉంది.

ఈ దారి ఎంత సామాన్యంగా కనిపిస్తుందో అంత ముఖ్యమైనది. తాడ్వాయి మండలంలోని ఒక గూడెం నుంచి హనుమకొండ డిగ్రీ కళాశాలకు వచ్చే కోయ విద్యార్థి చదువు కులధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, వసతిగృహంలో ఒక మంచం అన్న నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. నెలనెలా రావలసిన మెస్ చార్జీలు ఆలస్యమైతే వార్డెను అప్పు మీద బియ్యం, కూరగాయలు తెస్తాడు. బోధన రుసుము విడుదల కాకపోతే కళాశాల ధ్రువపత్రాలు ఆపుతుంది, పై చదువు ఆగిపోతుంది. ఈ ఖర్చులో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా ఎంతెంత అన్న సూత్రం పలుమార్లు మారింది; 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం మొదలుపెట్టిన పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ భారాన్ని మరింత పెంచింది. రెండు ప్రభుత్వాల ఖజానాల మధ్య దస్త్రం ఆగినప్పుడు ఆ ఆలస్యం వచ్చి పడేది ఆ మంచం మీదనే. అయినా ఈ ప్రాంతపు తొలితరం గిరిజన పట్టభద్రులలో అధికులు ఈ మెట్ల మీదుగానే పైకి వచ్చారు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు కూడా షెడ్యూల్డు తెగలలో చేరడంతో ఈ సాయం పొందేవారి సంఖ్య పెరిగింది. కాని 2011 జనాభా లెక్కల నాటికి కూడా తెలంగాణ గిరిజనులలో అక్షరాస్యులు సగానికి కొంచెం తక్కువే. విశ్వవిద్యాలయాల చర్చ చేసేటప్పుడు ఈ అంకెను పక్కన పెట్టుకోకపోతే ఆ చర్చకు అర్థం ఉండదు.

చివరకు ములుగుకు సంస్థ వచ్చిన తీరు కూడా ఒడంబడిక తీరే. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 93వ సెక్షన్, పదమూడో షెడ్యూలులోని పనులకు పదేళ్ల గడువు పెట్టింది. ఆ షెడ్యూలులో ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి గిరిజన విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్న హామీ ఉంది. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయం 2019లో చట్టం పొంది విజయనగరంలో మొదలైంది. తెలంగాణలో స్థలం అప్పగింత ఆలస్యమైందని కేంద్రం, అనుమతులే రావడం లేదని రాష్ట్రం ఏళ్ల తరబడి ఒకరినొకరు తప్పుపట్టుకున్నాయి. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించిన మూడు రోజులకు కేంద్ర మంత్రిమండలి 889.07 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. డిసెంబరులో ఉభయ సభలు 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టానికి సవరణ చేశాయి. పదేళ్ల గడువు తీరడానికి అప్పటికి మిగిలింది ఆరు నెలలు. బిల్లుపై ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము సంతాల్ తెగకు చెందినవారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు రాష్ట్రపతి సందర్శకులు, అంటే అత్యున్నత పర్యవేక్షణాధికారి, కనుక ఆ సంతకం ఒక లాంఛనం మాత్రమే కాదని గిరిజనులు భావించడం సహజం.

తరగతులు 2024లో మొదలయ్యాయి. సొంత భవనాలు లేనందున జాకారంలోని యువజన శిక్షణ కేంద్రమే తాత్కాలిక ప్రాంగణమైంది. మార్గదర్శక బాధ్యతను హైదరాబాదు విశ్వవిద్యాలయానికి అప్పగించారు. మొదట ప్రవేశపెట్టినవి ఇంగ్లీషు, ఆర్థికశాస్త్రం ఆనర్సు డిగ్రీలు. గిరిజన కళలు, సంస్కృతి, ఆచారాలపై బోధన, పరిశోధన జరగాలని చట్టం చెబుతుంది. అయితే ఏ కళాశాలలోనైనా దొరికే రెండు విషయాలతో ఆరంభించడం కొత్త సంస్థకున్న పరిమితిని చూపుతుంది.

గిరిజన సంస్కృతిపై చట్టం కోరిన ఆ పనికి కావలసిన సామగ్రి ప్రాంగణానికి దూరంలో లేదు. మేడారం జాతరలో గద్దెల దగ్గర పూజ చేసే వడ్డెలు, కన్నెపల్లి నుంచి సారలమ్మను (సారక్కను), చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే కుటుంబాలు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును, కొండాయి నుంచి గోవిందరాజును తెచ్చేవారు ఎవరి విధి వారు తరతరాలుగా నోటి మాటతో నేర్చుకున్నవారే. కోయల వంశచరిత్రలు చెప్పే డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డను ముందు పెట్టుకుని, డోలు వాయిస్తూ గోత్రాల కథలను గంటల తరబడి పాడతారు. పడిగె మీది ప్రతి బొమ్మా ఒక గోత్రానికో వేల్పుకో గుర్తు, దాన్ని చదవడం డోలీకి తప్ప ఇతరులకు రాదు. సమ్మక్క సారలమ్మల కథను అలా గానం చేసిన మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. సరిగ్గా ఆ ఏడాదే జాకారంలో తొలి తరగతులు మొదలయ్యాయి. ఒక విద్వాంసుడు వెళ్లిపోవడం, ఆయన విద్యను నిలబెట్టవలసిన సంస్థ తలుపు తెరవడం ఒకే ఏడాది జరగడం బాధ కలిగించే విషయం. ఇంకా మిగిలిన డోలీలు ఎందరో పెద్ద వయసువారు కనుక ఆలస్యానికి ఇక తావు లేదు.

అమెరికాలో ఆదివాసీ తెగలు ఈ పనిని మరో విధంగా చేసుకున్నాయి. 1968లో నవాహో జాతి తన సొంత కళాశాలను స్థాపించుకుని, నవాహో భాషనూ చరిత్రనూ పాఠ్యప్రణాళికలో కేంద్రంగా పెట్టుకుంది; 1978లో చేసిన చట్టం ద్వారా అటువంటి కళాశాలలకు కేంద్రం నిధులిచ్చింది, యాజమాన్యం మాత్రం తెగల చేతిలోనే ఉంచింది. ములుగులో కులపతి, ఉపకులపతి, కార్యనిర్వాహక మండలి అన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాల సాధారణ నిర్మాణమే వర్తిస్తుంది. సొమ్ము ఢిల్లీదైనా, పాఠం ఏమిటో నిర్ణయించే మండలులలో కోయ, గోండు, నాయకపోడు, చెంచు, లంబాడీ పెద్దలకూ పట్టభద్రులకూ చోటు కల్పించడానికి ఆ నిర్మాణం అడ్డు కాదు; ఆ పని విశ్వవిద్యాలయం తన నిబంధనల ద్వారానే చేయవచ్చు.

గిరిజన భాషలలో పాఠం చెప్పడానికి ఆధారం కూడా సిద్ధంగానే ఉంది. మార్లవాయిలో గోండీ వాచకాలు వచ్చిన అరవై ఏళ్లకు, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్యా పథకం కింద కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తయారు చేయించింది. వాటిని రాసింది ఎక్కువగా ఆ భాషలు మాట్లాడే ఉపాధ్యాయులే. ఆ భాషలలో ప్రాథమిక తరగతులు దాటి ఉన్నత పాఠశాలకు, కళాశాలకు వెళ్లే మెట్లు ఎవరూ కట్టలేదు. నిఘంటువు, వ్యాకరణం, పారిభాషిక పదకోశం, ఉపాధ్యాయ శిక్షణ లేకుండా అవి కట్టడం సాధ్యం కాదు. 1918లో ఉస్మానియా ఉర్దూ కోసం అనువాద విభాగాన్ని తెరిచి చేసిన పని అదే, అక్కడ ప్రభుత్వం ఖర్చు పెట్టడానికి వెనుకాడలేదు. జాకారం ప్రాంగణంలో భవనాలు పూర్తయ్యే లోగానే కోయ, గోండీ భాషా విభాగాలను ప్రారంభించడానికి, మిగిలిన డోలీలను అతిథి ఆచార్యులుగా పిలవడానికి 2009 చట్టంలో కొత్త సవరణ ఏదీ అవసరం లేదు.